పని సమయం విలువను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్: ఒక సమీక్ష

ఉద్యోగుల సమయంలో ఎంత భాగం నిజంగా విలువైన పనికి వెళుతోందో చూపే ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చినది, రోజంతా తెరపై నిఘా పెట్టకుండా, ముందుగా తెలియని క్షణాల్లో ‘ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు?’ అని మాత్రమే అడగడం. 1930లలో బ్రిటన్ బట్టల మిల్లుల్లో గణాంక శాస్త్రవేత్త టిప్పెట్ అనుసరించిన నమూనా పరిశీలన పద్ధతే దీనికి మూలం; యాదృచ్ఛికంగా సేకరించిన జవాబులు సుమారు 400 ఉంటే, అంచనాలో తేడా 5 శాతం పాయింట్లకు మించకపోవడానికి 95 శాతం అవకాశం ఉంటుంది. అయితే సమావేశాలన్నింటినీ ఒకే గాటన కట్టి ‘తక్కువ విలువ’ పద్దులో వేయడం పెద్ద లోపం. కొత్తగా చేరినవారికి పని నేర్పిన గంటను, ఎవరూ చదవని నివేదిక నింపిన గంటను సమానంగా చూపడం అన్యాయం. పద్దులను ఉద్యోగులే నిర్ణయించుకునే వీలు కల్పించేవరకు దీన్ని జట్టు స్థాయి అంచనాలకే వాడాలి, వ్యక్తుల పనితీరు మదింపుకు ఎంతమాత్రం వాడకూడదు.