కౌన్సెలర్ దగ్గరికా, గ్రూప్‌కా? ఇంట్లో ఒకరిని చూసుకునేవాళ్ళకి ఏది మేలు

అమ్మకి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, అని తెలిసి నాలుగేళ్ళు. ఆటిజం ఉన్న పిల్లల తల్లులు, మంచాన పడ్డవాళ్ళని చూసుకునేవాళ్ళు, నాతో మాట్లాడే అందరూ చివరికి అడిగేది ఒకటే: కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలా, మనలాంటివాళ్ళ గ్రూప్‌లో చేరితే సరిపోతుందా? నేను ముందు గ్రూప్‌కి వెళ్ళాను, ఎనిమిది నెలల తర్వాత కౌన్సెలర్ దగ్గరికి. మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే వరస తిరగేస్తాను.

గ్రూప్‌ని తక్కువ చెయ్యను. అక్కడ కథ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు. స్నానం అంటే అమ్మ కొట్టడానికి వస్తోంది అంటే ఎవరూ నోరు వెళ్ళబెట్టరు, ముందు కాళ్ళ మీద నీళ్ళు పోసి చూడు అంటారు. ఎప్పుడో పోయిన నాన్న ఇంకా ఇంటికి రాలేదేమిటని అమ్మ అడిగిన ప్రతిసారీ నిజం చెప్పి ఏడిపించేదాన్ని. వాదించకు, నాన్న గురించి ఏదైనా చెప్పమని అడుగు అన్నది కూడా గ్రూప్‌లో ఒకావిడే. పిల్లల విషయంలో గ్రూప్ ఇంకా గట్టిది, ఏ థెరపిస్ట్‌కి ఓపిక ఉంది, ఏ స్కూల్ చేర్చుకుంటుంది అన్నది ఆ తల్లులకి తెలిసినంత ఎవరికీ తెలియదు. కాకపోతే మందుల మీద సలహాలు కూడా అదే ధీమాతో ఇచ్చేస్తారు. కొన్ని రోజులు మన కష్టం చాలనట్టు వాళ్ళవీ మోసుకుని ఇంటికొస్తాం.

నేను తేల్చుకున్నది మాత్రం వీటివల్ల కాదు. గ్రూప్ నన్ను మార్చింది, మా ఇంటిని మార్చలేదు. మనసు తేలికై గుమ్మంలోకి వస్తే అదే అన్నయ్య, "నీకు అలవాటేగా" అనే అదే మాట.

కౌన్సెలర్ రెండుసార్లు నాతో మాట్లాడి, మూడోసారి అన్నయ్యనీ వదిననీ తీసుకురమ్మంది. పెద్ద మాటలేమీ చెప్పలేదు. అమ్మకి ఏ గంటకి ఏం కావాలో నా చేత కాగితం మీద రాయించి, అది అన్నయ్య చేతికిచ్చి, ఇందులో మీ పనులు ఏవి అని అడిగింది, అంతే. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు.

ఇది మా ఇంటి సంగతే అనుకోకండి. న్యూయార్క్ యూనివర్సిటీలో మేరీ మిట్టెల్మన్ బృందం అల్జీమర్స్ అనే రకం డిమెన్షియా వచ్చిన భర్తనో భార్యనో చూసుకుంటున్న 406 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. అందులో సగం మందికి ఆరు కౌన్సెలింగ్ సిట్టింగులు, వాటిలో నాలుగు కుటుంబంతో కలిపి. తర్వాత గ్రూప్, అవసరమైనప్పుడు ఫోన్‌లో సాయం. జబ్బు మనిషిని సంరక్షణ కేంద్రంలో చేర్చాల్సి రావడం వీళ్ళ విషయంలో, వాళ్ళ లెక్క ప్రకారం, మిగతా సగం మందికంటే 557 రోజులు ఆలస్యమైంది. నా ఓటు ఆ నాలుగు సిట్టింగులకే.

తోబుట్టువులూ బంధువులూ ఎవరూ లేనివాళ్ళకి నా లెక్క కుదరదు, వాళ్ళకి గ్రూపే ముందు. హెల్ప్‌లైన్ రాత్రి రెండింటికి పనికొస్తుంది, అంతవరకే. ధ్యానం యాప్‌లంటారా, వాటికి తీరిక ఉంటే అసలు ఈ గొడవే లేదు. రెండు వారాలుగా నిద్ర లేక, దేని మీదా మనసు పోకపోతే గ్రూప్‌లో చెప్పుకుని ఊరుకోకండి, డాక్టర్‌కి చూపించుకోండి. చనిపోవాలనో, చూసుకుంటున్న మనిషిని ఏదైనా చేసేస్తాననో అనిపిస్తే మాత్రం ఆ రోజే.

కౌన్సెలర్‌కి మొదటిసారి ఫోన్ చేసినప్పుడే "మా ఇంట్లోవాళ్ళతో కూడా కూర్చుంటారా?" అని అడగండి. కుదరదంటే ఇంకొకరిని చూసుకోండి.

గ్రూప్‌కి నేను ఇప్పటికీ వెళ్తున్నాను, ఆదివారాలు. ఆ రెండు గంటలూ అమ్మ దగ్గర అన్నయ్య ఉంటాడు.