రాచ్చిప్పలో మామిడికాయ మాంసం: స్టవ్ ఆపాకే అసలు వంట

రాచ్చిప్పకి, అంటే మెత్తటి రాతితో చేసిన వంటగిన్నెకి, ఆముదం, పసుపు పూసి, గంజి పోసి ఎలా వాడకంలోకి తేవాలో చాలామంది చెప్పారు. కొన్నేళ్లుగా వాడుతున్న నాకు చెప్పాలనిపించేది ఒక్కటే: స్టవ్ ఆపాక కూడా అందులో నిలిచే వేడి. పుల్లటి కాయ వేసి వండే మాంసానికి అంతకన్నా మంచి గిన్నె నాకైతే దొరకలేదు.

మామిడికాయ మాంసంలో చిక్కంతా చివర్లోనే. మాంసం మెత్తబడటానికి చాలాసేపు కావాలి, కాయకి కొద్ది నిమిషాలు చాలు. కుక్కర్‌లో రెండూ కలిపి పెడితే కాయ కరిగిపోయి తొక్కలు మాత్రం పంటికి తగులుతాయి.

ఒక వేసవి రాత్రి మాంసం బాగా ఉడికాక మామిడి ముక్కలు వేసి కలిపానో లేదో, గ్యాస్ అయిపోయింది. రెండో సిలిండర్ లేదు. పిల్లలు అప్పటికే కంచాల ముందు కూర్చున్నారు. కూర మాత్రం మంట లేకపోయినా కుతకుతలాడుతూనే ఉంది! సరేనని మూత పెట్టి, జొన్నరొట్టెలు, ఉల్లిపాయలు, పెరుగు సర్దుతూ పావుగంట ఆగాను. మూత తీసి చూస్తే ఏ ముక్కా చెదరలేదు. తొక్క పచ్చదనం తగ్గి లేత గోధుమరంగుకి తిరిగింది. గరిటె అంచుతో నొక్కితే మామిడి కండలోకి మెత్తగా దిగింది, లోపలిదాకా కారం పట్టింది. పైకి తేరిన కొవ్వుని కూడా గరిటెతో తీసేయగలిగాను. మా అత్తయ్యకి బీపీ. ఉప్పు తగ్గించిన కూర ఆవిడకి సహించేది కాదు. ఆ రాత్రి ముద్దముద్దకీ పులుపు తగులుతుంటే ఉప్పు ఊసే ఎత్తలేదు. "ఇంకో రెండు మామిడి ముక్కలు వెయ్యమ్మా" అన్నారు. నాకెంత సంతోషం వేసిందో!

అప్పటినుంచి ముక్కలు వేయగానే నేనే స్టవ్ ఆపేస్తున్నాను. అరకిలో మాంసానికి మధ్యరకం కాయ ఒకటి, టెంక తీసి, తొక్కతోనే పెద్ద ముక్కలు. కలెక్టర్ కాయ అయితే ముక్క గట్టిగా నిలుస్తుంది కానీ పులుపు కాస్త తక్కువ.

వాక్కాయలకి మాత్రం ఇంత గట్టిగా చెప్పలేను. వానాకాలంలో గింజలు తీసి కోడికూరలో వేస్తే ఆ వేడికి నలిగిపోతాయి. అందుకే స్టవ్ ఆపి, పొంగు తగ్గాక వేస్తాను. గ్యాస్ ఆదా అవుతుందని మొదట్లో చుట్టాలందరికీ చెప్పాను. చివర్లో ఆదా నిజమే, కానీ రాయి వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. తొందరపడి మంట పెంచితే పగిలే ప్రమాదం ఉంది. అందుకని ఆఫీసు రోజుల్లో మాంసం కుక్కర్‌లోనే ఉడికిస్తాను. ఆలోపు పక్క పొయ్యి మీద సన్నసెగన రాచ్చిప్పలో తాలింపు, ఉల్లిపాయలు వేగుతుంటాయి. నూనె తక్కువ పడుతుందని కూడా చుట్టాలకి చెప్పాను, కానీ అది కోడికూర వరకే నిజం.

మా ఇంట్లో సాయంత్రం ఆరింటికల్లా ఎవరో ఒకరు వంటింట్లో ఉంటారు, రాత్రి అందరం కలిసే తింటాం. కాబట్టి మాకు కుదిరింది. ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్లకి కుక్కరే నయం. ఇండక్షన్ స్టవ్ మీద ఇది పనిచేయదు. బరువు కూడా ఎక్కువే, చేతులు నొప్పులున్నవాళ్లు చిన్నది తీసుకోవడం మంచిది. కొనాలనుకుంటే శివరాత్రి లోపే కొనండి, గంజి పోసి సిద్ధం చేసేసరికి ఉగాది కాయలు వస్తాయి.