మ్యాక్ మందులు మధ్యలో ఆపడమా, చివరిదాకా వాడడమా: ఏది మేలు?

అమ్మకి మ్యాక్ (మైకోబాక్టీరియమ్ ఏవియమ్ కాంప్లెక్స్, టీబీని పోలిన ఊపిరితిత్తుల జబ్బు) ట్రీట్‌మెంట్ అయిపోయిందని తెలిసిన దగ్గర్నుంచి, చుట్టాల్లో గానీ తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళలో గానీ ఎవరింట్లో ఈ జబ్బు ఉన్నా నాకు ఫోన్ వస్తోంది. అందరి ప్రశ్నా ఒకటే. "దగ్గు తగ్గింది, అన్నం తింటున్నారు, రెండు మూడు కేజీలు పెరిగారు కూడా, తొమ్మిది నెలలుగా మింగి మింగి కడుపంతా మంట అంటున్నారు, ఇంక ఆపేస్తే ఏమన్నా అవుద్దా?" అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేసరికి సగం మర్చిపోతున్నా, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, పదహారు నెలలు పక్కనుండి మందులు మింగించినదాన్ని.

ముందే ఒక మాట. ఇది టీబీ గురించి కాదు. మామూలు టీబీకి మన దగ్గర ఆరు నెలల కోర్సు, దాన్ని మధ్యలో ఆపడం గురించి తర్జనభర్జనే అక్కర్లేదు, ఆపకూడదు, ఎందుకంటే అది ఇంట్లో పిల్లలకి కూడా అంటుకుంటుంది. మ్యాక్ అలా మనిషి నుంచి మనిషికి అంటుకునేది కాదు, నీళ్ళలో మట్టిలో ఉండే క్రిమి. కళ్ళె పరీక్షలో చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి, అందుకే చాలామందికి మొదట టీబీ మందులే మొదలుపెడతారు, మా అమ్మకి కూడా మూడు నెలలు అదే జరిగింది. స్మియర్ (కళ్ళెని మైక్రోస్కోప్‌లో చూసే టెస్ట్) పాజిటివ్, సీబీనాట్ అనే టీబీ జీన్ టెస్ట్‌లో మాత్రం టీబీ లేదని వచ్చింది, అప్పుడు కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే టెస్ట్‌కి పంపితే అసలు సంగతి బయటపడింది.

సరే, ఇప్పుడు ఆపేద్దామనేవాళ్ళ వైపు నుంచి చూద్దాం, ఎందుకంటే వాళ్ళది మొండితనం కాదు. మూడు రకాల మందులు, అజిత్రోమైసిన్, ఇథాంబుటాల్, రిఫాంపిసిన్, నెలల తరబడి. రిఫాంపిసిన్‌తో కడుపులో తిప్పడం, ఆకలి చచ్చిపోవడం, పైగా అది షుగర్ మాత్రల్నీ బీపీ మాత్రల్నీ రక్తం పలచన చేసే మందుల్నీ సరిగ్గా పనిచేయనివ్వదు, దాంతో అప్పటిదాకా కంట్రోల్‌లో ఉన్న షుగర్ ఒక్కసారిగా పెరగొచ్చు. ఇథాంబుటాల్‌తో కళ్ళ భయం. అజిత్రోతో కొందరికి చెవుల్లో హోరు. ఎనభై దాటిన మనిషికి, జబ్బు కూడా చిన్న చిన్న గడ్డల్లా కొంచెమే ఉండి ఊపిరితిత్తుల్లో రంధ్రాలు పడకుండా ఉంటే, అసలు మందులే మొదలుపెట్టకుండా మూడు నాలుగు నెలలకోసారి కళ్ళె, అప్పుడప్పుడు సీటీ చూసుకుంటూ ఉందాం అనే డాక్టర్లు కూడా ఉన్నారు, అది తప్పు పద్ధతేం కాదు. కొందరికి మందు లేకుండానే కల్చర్ నెగెటివ్ అవుతుంది కూడా. కాబట్టి ఆపడం అనేది ఎప్పుడూ పాపమే అని నేను అనను.

రెండో వైపు, పూర్తిగా వాడడం. ఇక్కడ చాలామంది పొరబడేది లెక్క దగ్గర. డాక్టర్ "ఒక సంవత్సరం" అన్నారంటే మాత్ర మొదలైన రోజు నుంచి అనుకుంటారు. కాదు. 2020లో అమెరికా, యూరప్ డాక్టర్ల సంఘాలు కలిసి ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఉన్నది, కళ్ళె కల్చర్ నెగెటివ్ అయిన తర్వాత కనీసం 12 నెలలు అని. అది కూడా ఒక్క నెగెటివ్ చాలదు, కనీసం నాలుగు వారాల ఎడంతో వరసగా మూడు నెగెటివ్ రావాలి, వస్తే అందులో మొదటి శాంపిల్ ఇచ్చిన తారీకు నుంచి లెక్క మొదలవుతుంది. అమ్మకి 2023 నవంబర్‌లో మందులు మొదలయ్యాయి. మొదటి నెగెటివ్ శాంపిల్ 2024 మార్చిది. కాబట్టి 2025 మార్చి దాకా. నవంబర్‌లో ఏడాది నిండింది కదా అని ఇంట్లో అందరూ అడిగారు, నాన్న అయితే స్వీట్లు కూడా తెచ్చారు పాపం, ఇంకా నాలుగు నెలలుందని చెప్పడం నావల్ల కాక తమ్ముడితో చెప్పించాను. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే మందుల చీటీ మీద మొదటి నెగెటివ్ తారీకు పెద్దగా రాసి పెట్టుకోండి, దాని కింద వచ్చే ఏడాది అదే తారీకు రాయండి. చేతిలో ఆ తారీకే లేదంటే ఆపాలా వద్దా అనే చర్చకి ఇంకా టైమ్ రాలేదని అర్థం.

"దగ్గే లేదు, కళ్ళె ఎక్కడి నుంచి వస్తుంది, కల్చర్ ఎలా చేయిస్తాం?" అనే వాళ్ళకి: ఉప్పు ఎక్కువగా ఉన్న సెలైన్ నెబ్యులైజర్‌లో పెట్టి పీలిస్తే కళ్ళె పైకొస్తుంది, ఛాతీ డాక్టర్ల దగ్గర చేయిస్తారు. ఉమ్ము ఇస్తే లాభం లేదు, లోపల్నుంచి దగ్గి తీసింది కావాలి, పొద్దున్నే లేవగానే అయితే మంచిది. ఈ క్రిములు చాలా నిదానంగా పెరుగుతాయి, అందుకే రిపోర్ట్ ఫైనల్ అవ్వడానికి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ ఓపిక లేక కల్చర్ మానేసేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. అందరూ ఆపడమా వాడడమా అని రెండే దార్లున్నట్టు అడుగుతారు, కానీ నిజంగా ఇళ్ళల్లో జరిగేది మూడోది, సగం ఆపడం. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదం అదే, పూర్తిగా ఆపేయడం కంటే కూడా.

మా ఇంట్లోనే జరిగింది. 2024 జూన్‌లో ఒకరోజు అమ్మ సంతోషంగా చెప్పింది, "ఒంట్లో వేడి తగ్గిందే, మూత్రం మామూలు రంగులోకి వచ్చింది" అని. నాకు గుండె జారిపోయింది. రిఫాంపిసిన్ వేసుకునే మనిషికి మూత్రం నారింజ రంగులో రావాలి, వేడి చేసి కాదు, ఆ మందు రంగే అది. మాత్రల డబ్బా తీసి చూస్తే మూడు వారాల రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ స్ట్రిప్పులు అలాగే ఉన్నాయి, అజిత్రో మాత్రం ఒక్కటి కూడా తప్పకుండా అయిపోయింది. "అదొక్కటే కడుపులో ఏం చేయదు, మిగతా రెండూ పడట్లేదు, ఒక్కటైనా వేసుకుంటున్నాగా" అంది. ఆవిడ దృష్టిలో అది ఎంతో కొంత మేలే, మూడూ మానేసినదానికంటే ఒకటి వేసుకోవడం నయం కదా అని. ఎవరైనా అలాగే అనుకుంటారు, నేను కూడా చదవకముందు అలాగే అనుకునేదాన్ని.

కానీ లోపల జరిగేది వేరు. ఊపిరితిత్తుల్లో కోట్లలో క్రిములుంటాయి, వాటిలో అజిత్రోకి లొంగనివి ఎక్కడో కొన్ని పుట్టుకతోనే ఉంటాయి. అవి అలా తయారవ్వడానికి వాటి ఒక్క జీన్‌లో ఒక్క అక్షరం మారితే చాలు. మూడు మందులూ కలిసి వెళ్తే అజిత్రోకి లొంగనిదాన్ని మిగతా రెండూ అణిచిపెడతాయి. అజిత్రో ఒక్కటే వెళ్తే లొంగేవన్నీ చచ్చిపోయి లొంగనివి మిగులుతాయి, ఖాళీ అయిన చోటంతా వాటిదే. అంటే మనమే కలుపుని వదిలేసి వరిని పీకినట్టు. ఇథాంబుటాల్ తనంతట తాను ఈ క్రిముల్ని పెద్దగా చంపలేదు, దాని పనే అజిత్రోకి కాపలా. ఆ సంగతి పేషెంట్లకి ఎవరూ చెప్పరు, చెప్తే ఇంత తేలిగ్గా మానరు.

ఒకసారి అజిత్రోకి క్రిమి లొంగకుండా పోయిందంటే ఈ జబ్బులో ఉన్న ఒకే ఒక్క గట్టి మందు చేతిలోంచి జారిపోయినట్టే. క్లారిత్రోమైసిన్ కూడా పనిచేయదు, రెండూ ఒకే కుటుంబం. ఆ తర్వాత నెలల తరబడి అమికాసిన్ ఇంజెక్షన్లు, కొందరికి పాడైన భాగం కోసి తీసేయడం దాకా వెళ్తుంది, అప్పుడు కూడా నయమయ్యే అవకాశం బాగా తక్కువ. అదే మూడూ ఒకేసారి ఆపేస్తే? జబ్బు తిరగబెట్టొచ్చు, కానీ తిరగబెట్టినప్పుడు అదే అజిత్రో మళ్ళీ పనిచేసే అవకాశం ఎక్కువ, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవచ్చు. అందుకే ఫోన్ చేసి "ఆపేశాం" అన్నవాళ్ళని నేను మొదట అడిగేది "ఏది ఆపారు?" అని.

ఇదే కారణంతో ఇంకో మాట. ఊపిరితిత్తుల్లో బ్రాంకియెక్టేసిస్ (గాలి గొట్టాలు వెడల్పయి పాడైపోవడం) ఉండి మాటిమాటికీ దగ్గు వచ్చేవాళ్ళు మెడికల్ షాపులో మూడు రోజుల అజిత్రో కొనుక్కుని వేసుకోవడం దయచేసి ఆపండి. లోపల మ్యాక్ ఉందో లేదో తెలియకుండా వేసుకునే ప్రతి స్ట్రిప్పూ రేపు పనికొచ్చే మందుని మొద్దుబార్చొచ్చు. దగ్గుకి నెలల తరబడి అజిత్రో రాసే ముందు కూడా కళ్ళెలో మ్యాక్ లేదని చూసుకోవాలి, డాక్టర్ రాస్తుంటే ఆ టెస్ట్ అయిందా అని అడగండి, అడగడంలో తప్పులేదు.

మరి అమ్మ సంగతి ఏం చేశాం? ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన అమ్మని కోప్పడలేదు, సీటీ చూసి రంధ్రాలు లేవు, కల్చర్ కూడా నెగెటివ్‌లో ఉంది కాబట్టి రోజూ వేసుకునే బదులు వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్ర, మూడు మందులూ కలిపి అని మార్చారు. డోసు ఆ రోజుల్లో కొంచెం ఎక్కువ, కానీ మధ్యలో నాలుగు రోజులు కడుపుకి సెలవు. అమ్మ ఆ తర్వాత ఒక్క మాత్ర తప్పలేదు. నేను మొగ్గేది ఇటువైపే అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది: భరించలేకపోతే ఆపకండి, మార్చమని అడగండి. రంధ్రాలున్నవాళ్ళకి, జబ్బు ముదిరినవాళ్ళకి ఈ మూడు రోజుల పద్ధతి కుదరదు, రోజూ వేసుకోవాల్సిందే, కానీ వాళ్ళకి కూడా రిఫాంపిసిన్ బదులు వేరేది ఇవ్వడం, టైమ్ మార్చడం, వికారానికి మందు ఇవ్వడం లాంటివి ఉంటాయి.

రెండు చోట్ల మాత్రం అడిగే దాకా ఆగక్కర్లేదు. కళ్ళు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఇథాంబుటాల్ ఆ పూటే ఆపి అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి, ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చు. కళ్ళు పచ్చబడి వాంతులవుతుంటే అది లివర్, మొత్తం ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి. కానీ ఇక్కడ కూడా జాగ్రత్త, ఇథాంబుటాల్ ఆపాం కదా అని మిగతావి అలా నడిపించేసి నెల తర్వాత చెప్దాంలే అనుకోకూడదు, దాని స్థానంలో ఏం పెట్టాలో ఆయనే చెప్పాలి. మేము నెలకోసారి ఇంట్లో న్యూస్‌పేపర్ ఒక్కో కన్ను మూసి చదివించేవాళ్ళం, మూడు నెలలకోసారి కళ్ళ డాక్టర్ దగ్గర రంగుల చుక్కల బొమ్మల టెస్ట్.

ఆరు నెలలు వాడినా కల్చర్ నెగెటివ్ అవ్వనివాళ్ళకి పీల్చే అమికాసిన్ ఉంది, ఖరీదెక్కువ, అది డాక్టర్‌తోనే మాట్లాడుకోవాలి. మ్యాక్ కాకుండా అబ్సెసస్ అనే వేరే రకం క్రిమి వచ్చినవాళ్ళకి ఈ లెక్కలేవీ వర్తించవు, మందులే వేరు. కషాయాలు, ఆవిరి అవీ దగ్గుకి హాయిగా ఉంటే చేసుకోండి, ఈ మందుల బదులు మాత్రం కాదు.

"పూర్తిగా వాడినా మళ్ళీ వస్తుందంటగా, మరి ఎందుకంత కష్టం?" అని పిన్ని అడిగింది. నిజమే, మళ్ళీ వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. కానీ పూర్తి కోర్సు అయ్యాక వచ్చేవాటిలో చాలావరకు పాత క్రిమి కాదు, బయట నీళ్ళలోంచో మట్టిలోంచో కొత్తగా వచ్చింది, జీన్ టెస్టుల్లో అది తేలింది. మధ్యలో ఆపితే తిరగబెట్టేది చాలావరకు పాతదే. కొత్తగా రాకుండా మా ఇంట్లో షవర్ తీసేసి బకెట్ స్నానమే పెట్టాం, మొక్కల మట్టి కలిపే పని అమ్మ దగ్గర్నుంచి నాన్నకి మారింది. దానివల్ల ఎంత లాభమో కొలిచి చెప్పలేను, చేయగలిగింది కాబట్టి చేశాం.

2025 ఏప్రిల్ మొదటి వారంలో డాక్టర్ మూడూ ఒకేరోజు ఆపించారు, ఒకటి ముందు ఒకటి వెనక కాదు. ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి కళ్ళె ఇస్తూనే ఉన్నాం. పోయిన వారం ఇచ్చిన శాంపిల్ రిపోర్ట్ ఇంకా రాలేదు, అమ్మ మాత్రం రోజూ పొద్దున నెబ్యులైజర్ పెట్టుకుని, దగ్గి తీసిన కళ్ళె రంగు చూసి "ఇవ్వాళ తెల్లగానే ఉంది" అని నాకు ఫోన్ చేసి చెప్తుంది.