మీటింగ్ రూమ్‌లో ప్లగ్ పాయింట్లు: గోడకా, నేలలోనా, టేబుల్ మీదా?

హైదరాబాద్‌లో ఆఫీస్ ఇంటీరియర్స్ పని చేస్తుంటా కాబట్టి చెప్తున్నా, డ్రాయింగ్ ముందేసుకుని టీవీ ఎక్కడ, గ్లాస్ డోర్ ఎటు అని గంటలు గంటలు మాట్లాడతారు, ప్లగ్ పాయింట్ల సంగతి మాత్రం ఫ్లోరింగ్ అయిపోయాక గుర్తొస్తుంది. అప్పుడిక గోడే దిక్కు.

గోడ పాయింట్లు చవక, రిపేర్ ఈజీ, తడి భయం తక్కువ. నలుగురు కూర్చునే చిన్న గదిలో టేబుల్‌ని ఒక పక్క గోడకి ఆనించేస్తే ఇంకేం అక్కర్లేదు. కానీ 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గదిలో టేబుల్ మధ్యలో ఉంటుంది, చుట్టూ కుర్చీలు, వాటి వెనక నడిచే దారి, ఆ దారికి అడ్డంగా ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరు. ఒక ఆఫీసులో టీ ట్రే పట్టుకొస్తున్న అక్క కాలు ఆ వైరుకి తగిలి తూలింది, వేడి టీ మొత్తం ఆవిడ చేతి మీదే పడింది. నా కళ్ల ముందే జరిగింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అమెరికాలో 2017 ఎలక్ట్రికల్ కోడ్‌లో మీటింగ్ రూమ్‌లకి విడిగా రూల్ పెట్టారు. 1000 చదరపు అడుగులు దాటని గదులకే అది. గది కనీసం 12 అడుగుల వెడల్పు, కనీసం 215 చదరపు అడుగుల ఏరియా ఉంటే గోడలకి కనీసం 6 అడుగుల దూరంలో నేలలో ఒక పాయింట్ ఇవ్వాల్సిందే. పైన చెప్పిన గది 240 చదరపు అడుగులు, పైగా 12లో 6 అంటే సరిగ్గా నడిమధ్య, టేబుల్ కిందే వస్తుంది. ఇక్కడ ఎవరూ అడగకపోయినా నేను ఈ లెక్కే పట్టుకుంటా.

మరి ఫ్లోర్ బాక్స్, అంటే నేలలో దించి మూత పెట్టే ఈ ప్లగ్ బాక్స్, ఒక్కటే చాలా అంటే, చాలదు. ప్లగ్ పెట్టాలంటే టేబుల్ కిందకి దూరాలి, మూత తీసి చూస్తే దుమ్ము, స్టేప్లర్ పిన్నులు, మాప్ తడి. నడిచే దారిలో పడితే కుర్చీ చక్రాలకి మూత విరుగుతుంది. టేబుల్ మీద పాప్ అప్ బాక్స్ (కావాల్సినప్పుడు పైకి లేచే ప్లగ్ బాక్స్) అయితే చేతికందుతుంది, కాకపోతే దానికి కరెంటు కింద నుంచే రావాలి, టేబుల్ కదిపే వీలుండదు.

అందుకే పన్నెండు మంది గదికి నా ఓటు నేలలో ఒక బాక్స్, దాని మీదుగా టేబుల్‌లో రెండు పాప్ అప్‌లు, గోడకి టీవీకి, క్లీనింగ్‌కి పాయింట్లు. లోడ్ గురించి కంగారొద్దు, 65 వాట్ల చార్జర్లు పన్నెండు పెట్టినా 780 వాట్లే, 230 వోల్టుల మీద మూడున్నర ఆంప్స్ కూడా రాదు. టీ కెటిల్ మాత్రం ఆ లైన్‌లో పెట్టొద్దు, 1500 వాట్ల కెటిల్ ఒక్కటే 6 ఆంప్స్ సాకెట్‌ని దాటేస్తుంది. ట్రైనింగ్ రూమ్‌లా టేబుళ్లు రోజూ జరిపే గది అయితే పాప్ అప్ మానేసి ఫ్లోర్ బాక్సులే రెండు మూడు చోట్ల పెట్టించండి.

టేబుల్ ఇంకా ఫైనల్ కాలేదంటే కనీసం స్క్రీడ్ (ఫ్లోరింగ్ కింద పోసే సిమెంట్ పొర) పోయకముందే మధ్యదాకా ఖాళీ పైపు వేయించి లోపల, తర్వాత కేబుల్ లాక్కోడానికి, జీఐ వైరు (ఇనప తీగ) వదిలేయమనండి, కరెంటుకి ఒకటి, డేటాకి ఇంకోటి.