బేతంచర్ల నాపరాళ్ళు: ఆరేళ్ళ వాడకం తరువాత

చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో ఇల్లు కట్టుకున్నప్పుడు వరండాకు, నట్టింటికి, వంటింటికి బేతంచర్ల నాపరాళ్ళే పరిపించాను. విజయనగరంలో ఒక రాళ్ళ డిపోలో ఒకవైపు పాలిష్ పట్టిన, రెండడుగుల చదరపు పలకలు కొన్నాను. "ఏటేసి కడిగినా దీనికేటీ అవదు బాబూ" అని డిపో యజమాని ఇచ్చిన భరోసా ఒక్కటే అబద్ధమని తేలింది.

తరువాత యాగంటి వెళ్ళినప్పుడు, బేతంచర్ల దాపున తవ్వకం మానేసిన ఒక పాత గని అంచున నిలబడితే, మా ఇంటి నేల గుణదోషాలు రెండూ ఆ గోతి గోడలోనే కనిపించాయి. మన భీమాలిలో మామిడి తాండ్రను చాపల మీద రసం పోసి, ఎండాక మళ్ళీ పోసి ఎలా పేరుస్తారో, ఆ బూడిదరంగు గోడ అలా పొర మీద పొరగా, దాదాపు చదునుగా ఉంది. ఒకనాటి లోతులేని సముద్రంలో సున్నపు బురద నెమ్మదిగా పేరుకుని గట్టిపడిన రాయి అది. గవ్వలేమైనా దొరుకుతాయేమోనని వెతికాను గానీ, దాని వయసు యాభై కోట్ల ఏళ్ళకు పైమాటే, అంటే గవ్వల జీవులు పుట్టకముందుది. పక్కనే నడుస్తున్న గనిలో ఒకతను పొరల సందున గునపం దూర్చి బరువంతా వేయగానే, మంచమంత బండ చప్పున విడివడింది. మన తూర్పు కనుమల్లోని ఖొండలైట్ భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై రూపు మారిన రాయి కనుక, దాన్నుంచి ఇంత సాఫీ పలకలు లేవవు.

పొరల మందం ఒక్కలా ఉండదు కనుక పలకల మందమూ ఒక్కలా ఉండదు. మా మేస్త్రి ఒక్కోదాని కింద మాలు హెచ్చుతగ్గులు చేసి లెవెల్ తేవడంతో కూలి పెరిగింది. అయినా మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం చాప కూడా లేకుండా వరండాలో పడుకున్నవాడికి ఆ లెక్క గుర్తుండదు.

వంటింటి సంగతి వేరు. చింతపండు పులుసు ఒలికి, తుడవడం ఆలస్యమైన చోట అరచేయంత మేర పాలిష్ పోయి తెల్లగా మిగిలింది. స్నానాలగది కోసం తెచ్చిన యాసిడ్ గడప దగ్గర చింది, నురగ పొంగి గరుకు మచ్చలు పడ్డాయి. సున్నపురాయికి పులుపు సరిపడదు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త ఆమ్లంగా మారి, ఇదే జాతి సున్నపురాయిని యుగాల తరబడి కరిగించడం వల్లనే, కొలిమిగుండ్ల వైపు 3,229 మీటర్ల పొడవైన బెలూం గుహలు ఏర్పడ్డాయి. అనంతగిరి కొండల్లో మన బొర్రా గుహలు పుట్టిందీ ఆ తీరునే. నీటికి లక్షల ఏళ్ళు పట్టిన పని మా ఇంట్లో యాసిడ్ సీసా నిమిషంలో చేసింది.

వరండాకు, నట్టింటికి ఈ రాయి నిస్సందేహంగా కొనదగినదే. వంటగట్టుకు మాత్రం టెక్కలి గ్రానైటే వేయించుకోండి. ఖరీదు ఎక్కువైనా పులుసుకు చెక్కుచెదరదు. డిపోకు వెళ్ళేటప్పుడు ఒక ఇనుప మేకు, ఒక నిమ్మచెక్క వెంట తీసుకువెళ్ళండి. మేకుతో గీస్తే రాలిన పొడి మీద రసం పిండినప్పుడు బుడగలు లేచాయంటే, అమ్మేవాడు ఏ పేరు చెప్పినా అది సున్నపురాయే.