బీబీసీ మైక్రో కొనేవాళ్ళకి జాగ్రత్త: ఫొటోలో మెషీన్ వేరు, ఇంటికొచ్చింది వేరు

అందరికీ నమస్కారం అండి. పాత హోమ్ కంప్యూటర్లు సేకరించే మనవాళ్ళు ఎవరైనా ఈమధ్య "స్కూల్ నుంచి వచ్చిన బీబీసీ మైక్రో, ఫుల్ వర్కింగ్, ఎప్పుడూ విప్పలేదు" అని ఫొటోలు చూసి ఉంటే, కీబోర్డు పైన తెల్ల పెయింటుతో 24 అని రాసి ఉంటుంది, దయచేసి డబ్బు వెయ్యకముందే ఇది చదవండి. నాకు 26,500 రూపాయలు పోయాయి. ఇంకొకళ్ళకి పోకూడదని రాస్తున్నా.

మాది రాజోలు దగ్గర లంక ఊరు. ఎనిమిదో తరగతి రాజమండ్రిలో మా మేనమామ గారింట్లో ఉండి చదివాను, అప్పుడు మా స్కూల్లో ఈ మెషీన్ ఉండేది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ ప్రాజెక్టు అని మొదలుపెట్టి స్కూళ్ళకి బీబీసీ మైక్రోలు ఇచ్చింది కదా, అందులో వచ్చినవే. చెప్పులు బయట విప్పి, చేతులు కడుక్కుని లోపలికెళ్తే ఒక్కొక్కళ్ళకి ఐదు నిమిషాలు. ఆ ఎర్ర ఫంక్షన్ కీలు, ఆన్ చెయ్యగానే రెండు శ్రుతుల్లో వచ్చే ఆ చిన్న కూత నాకు ఇప్పటికీ చెవిలో ఉంటాయి. అందుకే స్కూల్ స్టాక్ నంబర్ ఉన్న పీసు అనేసరికి ఇంక ఆగలేకపోయాను. ఆ ప్రాజెక్టు మెషీన్లు చాలా మటుకు తుక్కులోకి వెళ్ళిపోయాయి, నంబరుతో సహా మిగిలింది దొరకడం అంటే నా దృష్టిలో మామూలు విషయం కాదు.

అమ్మినాయన ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడండి. ఎనిమిది ఫొటోలు పంపాడు, ఒక వీడియో పంపాడు. వీడియోలో స్క్రీన్ మీద బీబీసీ కంప్యూటర్ 32కె అని, కింద బేసిక్ అని చక్కగా వచ్చింది. మేడ మీద గదిలో గుడ్డ కప్పి ఉంచాం, తడి తగల్లేదు అన్నాడు. 10,000 అడ్వాన్సు యూపీఐలో వేశాను, పార్సిల్ బుక్ చేసిన రసీదు చూపించగానే మిగతా 16,500 కూడా వేసేశాను. ఇక్కడే తప్పు చేశాను. ఆ వీడియోలో సౌండ్ లేదు, కెమెరా స్క్రీన్ మీద నుంచి మెషీన్ మీదకి ఒక్కసారి కూడా రాలేదు. ఆ స్క్రీన్ మామూలు పీసీలో ఎమ్యులేటర్, అంటే పాత మెషీన్‌లాగా పనిచేసే సాఫ్ట్‌వేర్, వేసినా వస్తుంది, అంటే ఆ వీడియోకి విలువ ఏమీ లేదన్నమాట, ఆ తొందరలో నాకు తట్టలేదు.

పార్సిల్ అమలాపురం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో తీసుకుని అటునుంచటే మా టీవీ మెకానిక్ బాబాయి షాపుకి వెళ్ళిపోయాను. నేను వైరు పట్టుకుని ప్లగ్గు వెతుకుతుంటే బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒరేయ్ అబ్బాయ్, నలభై ఏళ్ళ సామాను, లోపల ఏముందో చూడకుండా కరెంటు ఎలా పెడతావురా" అన్నాడు. కేసు విప్పాలంటే వెనక రెండు, అడుగున రెండు స్క్రూలు, వాటి పక్కన ఫిక్స్ అని రాసి ఉంటుంది, అవి తీస్తే చాలు. ఎప్పుడూ విప్పలేదన్న మెషీన్ స్క్రూల తలలు నాలుగూ కొత్తగా గీసుకుపోయి మెరుస్తున్నాయి.

మూత ఎత్తగానే ముందు వాసన వచ్చిందండి. ఆ వాసన మన గోదావరి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చినప్పుడు మా ఇంట్లో నడుం లోతు నీళ్ళు, నీళ్ళు తీశాక నెలల తరబడి బీరువా సందుల్లోంచి మెత్తటి మట్టి రాలుతూనే ఉండేది, అదే వాసన. కేసు లోపలి గోడకి రెండు వేళ్ళ ఎత్తున టీ రంగులో గీత, చుట్టూతా ఒకటే మట్టం. బోర్డు మీద చిప్పుల కాళ్ళ మధ్యన ఒండ్రు ఎండిపోయి బీటలు వారి ఉంది, బాబాయి బ్రష్షుతో తీస్తే పౌడరు లాగా రాలింది. సాకెట్లు పచ్చగా చిలుం పట్టేశాయి. ఇది వరద నీళ్ళలో మునిగిన మెషీన్. ఏ ఊరి వరదో తెలీదు గానీ మేడ మీద గదిలో ఉన్నది మాత్రం కాదు.

అంతకన్నా ఘోరం, స్క్రీన్ మీద బొమ్మ తెప్పించే వీడియో యూఎల్ఏ చిప్ లేదు. సాకెట్ ఖాళీ. టెలిటెక్స్ట్ చిప్ ఎస్ఏఏ5050 కూడా లేదు, బేసిక్ ప్రోగ్రామింగ్ భాష ఉండే రోమ్ (ROM) చిప్ కూడా పీకేశారు. 6502 ప్రాసెసర్ అయితే ఎక్కడన్నా సంపాదించొచ్చు, వీడియో యూఎల్ఏ అలా కాదు, ఈ మెషీన్ తయారుచేసిన ఎకార్న్ కంపెనీ వాళ్ళు దీనికోసమని ప్రత్యేకంగా చేయించుకున్న చిప్, మామూలు షాపుల్లో దొరకదు. కావాలనే పనికొచ్చేవన్నీ తీసుకుని డొక్కు పంపారు.

పవర్ సప్లై డబ్బా కూడా విప్పించాను. లోపల రిఫా అనే కంపెనీ కెపాసిటర్లు, పసుప్పచ్చగా గాజులాగా కనిపిస్తాయి, వాటి మీద సన్న పగుళ్ళు వలలాగా ఉన్నాయి. ఆ పగుళ్ళలోంచి గాల్లో తేమ లోపలి కాగితంలోకి దిగుతుంది, కరెంటు పెట్టిన కాసేపటికి ఢామ్మని పేలి గదంతా కంపు పొగ. మన కోనసీమ గాలి సంగతి మీకు తెలిసిందే, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి చెమ్మగిల్లిపోతుంది. కాబట్టి మంచి మెషీనే వచ్చినా సరే ఆ కెపాసిటర్లు మార్చి కరెంటు లైను మీద పెట్టడానికని చేసిన కొత్త ఎక్స్2 రకం వేయించకుండా ప్లగ్గులో పెట్టకండి.

ఇక నంబరు విషయం. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే. ఫొటోలు పెద్దవి చేసి మెషీన్ పక్కన పెట్టి చూశాం. ఫొటోలో 24లో నాలుగు పైన తెరిచి ఉంది, మధ్య గీత కొంచెం కిందకి జారి ఉంది, పెయింటు పాతబడి పసుపు తిరిగింది. నాకొచ్చిన దాని మీద నాలుగు పైన మూసేసి ఉంది, గోటితో గీరితే పొరలాగా లేచి వచ్చేసింది. అంటే వేరే డొక్కు మెషీన్ మీద అదే నంబరు కొత్తగా రాసి పంపాడు. అనుమానం వచ్చి చిప్పుల మీద డేట్ కోడ్లు కూడా చూశాం. నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం. బోర్డు ఫొటోలో ప్రాసెసర్ మీద 8412 అని ఉంది, అంటే 1984లో పన్నెండో వారం. మా చేతిలో ఉన్న దాని మీద 8231. ఇవన్నీ వాట్సాప్‌లో పంపి అడిగితే దార్లో పాడై ఉంటుంది అన్నాడు, దార్లో అంకెలు మారతాయా అని అడిగాను, బ్లాక్ చేసేశాడు. 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ కంప్లయింట్ ఇచ్చాను, కానీ అప్పటికే డబ్బు వేసి తొమ్మిది రోజులైపోయింది. మోసం అని తెలిసిన గంటలోనే 1930కి చెయ్యండి, ఆలస్యం అయ్యేకొద్దీ డబ్బు ఆ అకౌంట్లోంచి వెళ్ళిపోతుంది.

ఎవరి దగ్గర కొన్నా వీడియో కాల్‌లోనే చూడండి. ఆన్ చేసేటప్పుడు ఆ రెండు శ్రుతుల కూత వినపడాలి, ఆగకుండా ఒకటే కూత వస్తుంటే మెషీన్ లేవట్లేదని అర్థం. తర్వాత కీబోర్డు మీద ప్రింట్ అని కొట్టించి మీ ఊరి పేరు టైప్ చేయించండి, కట్ చెయ్యకుండా కెమెరా స్క్రీన్ నుంచి కీబోర్డు మీదకి, వెనకున్న సీరియల్ నంబరు మీదకి తిప్పమనండి, మూత తీసి సాకెట్లు చూపించమనండి. నాలుగు స్క్రూలే కదా, నిజాయితీగా అమ్మేవాడు కాదనడు.

ఇలాంటిదే ఇంకో పాత హోమ్ కంప్యూటర్ స్పెక్ట్రమ్ కొనేవాళ్ళకి ఒక్క మాట, దాని 9 వోల్టుల అడాప్టర్‌లో మధ్య పిన్ నెగెటివ్, బజార్లో దొరికేవి చాలావాటికి మధ్యది పాజిటివ్, చూసుకోకుండా గుచ్చొద్దు. అలాంటిదే కమొడోర్ 64 అయితే దాంతో వచ్చిన పాత అడాప్టర్ అసలు వాడకండి, చెడినప్పుడు 5 వోల్టుల లైన్ పెరిగిపోయి లోపల చిప్పుల్ని తినేస్తుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆదివారం అవే ఎనిమిది ఫొటోలు వేరే పేరుతో, వేరే ఫోన్ నంబర్‌తో మళ్ళీ అమ్మకానికి వచ్చాయి, ఈసారి రేటు 31,000. నీలం గళ్ళ దుప్పటి మీద మెషీన్, పక్కన స్టీలు గ్లాసు, పెయింటుతో 24. మీకు ఆ ఫొటోలు కనపడితే అడ్వాన్సు మాట ఎత్తకముందు, ఈరోజు పేపర్ పక్కన పెట్టి ఆ నాలుగుని దగ్గర నుంచి ఒక ఫొటో తీసి పంపమని అడగండి.