1000 వాట్ల గాలిమర కిట్ కొనేముందు టేపు పెట్టి రెక్క కొలవండి

వరంగల్, కాజీపేట, కరీంనగర్ వైపు ఇంట్లో గాలిమర చేసుకోవాలని చూస్తున్న అన్నలకు, తమ్ముళ్లకు చెప్తున్నా. ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది, 1000 వాట్ల కిట్, రెండు రోజుల ట్రైనింగ్ ఫ్రీ, కరెంట్ బిల్లు జీరో అని. మేం మార్చిలో 34,500 రూపాయలు కట్టి తెప్పించుకున్నాం. మీరు మాత్రం తొందరపడి కట్టకండి.

మావాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం. గాలితో కరెంట్ ఎలా వస్తుందో సొంతంగా బిగించి నేర్చుకోవాలని వాడి ఆశ. నేను హన్మకొండలో మోటార్ల రివైండింగ్ చేస్తా, మోటార్ సంగతి తెలుసు గానీ గాలి సంగతి తెలియదు, దెబ్బ తిన్నది అక్కడే. డాబా మీద బిగించాక మీటర్ పెడితే 3 వోల్టులు, 4 వోల్టులు, అంతే. ట్రైనింగ్ ఇచ్చినాయన ఫోన్లో "మీ పిల్లాడు వైరింగ్ తప్పు చేసిండు" అన్నాడు. వాడు నమ్మి మూడుసార్లు మొత్తం ఊడదీసి మళ్లీ బిగించాడు, పరీక్షలు పెట్టుకుని రాత్రి పన్నెండు దాకా డాబా మీదే, తనకే చేతకాలేదని ముఖం చిన్నబుచ్చుకుని. డబ్బుల కన్నా నాకు మండింది దీనికే.

చివరికి జనరేటర్ దించి షాపుకు తెచ్చి విప్పాను. 24 వోల్టుల మీద 1000 వాట్లంటే 42 ఆంపియర్లు దాకా పారాలి. లోపల చుట్టింది ఐదారు ఆంపియర్లకే వేడెక్కే సన్న వైరు. బయట స్టిక్కర్ అంచు కొంచెం లేచి ఉంటే గోటితో గీకాను, కింద ఇంకో స్టిక్కర్, దాని మీద 100 వాట్లు!

తర్వాత మావాడే లెక్క కట్టి చూపించాడు. రెక్క ఒక్కోటి 58 సెంటీమీటర్లు, మధ్య హబ్‌తో కలిపి చుట్టు వ్యాసం మీటరుంబావు. గాలి సెకనుకు 12 మీటర్ల వేగంతో వీచినా, అంటే గంటకు 43 కిలోమీటర్లు, ఆ చుట్టులోంచి పోయే గాలిలో ఉన్న శక్తే 1275 వాట్ల దగ్గర, అందులో 59.3 శాతానికి మించి ఏ గాలిమరా తీయలేదు, బెట్జ్ పరిమితి అంటారు. చిన్నవాటికి 30 శాతం వస్తే గొప్ప. అంటే స్టిక్కర్ మీద ఏం రాసుకున్నా ఆ రెక్కలతో 1000 రావడం కుదరని పని. గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మా డాబా మీద సాయంత్రాలు చేతిమీటర్‌తో చూస్తే సెకనుకు 2, 3 మీటర్లే, దానికి వచ్చేది మహా అయితే 6 వాట్లు. వాళ్ల వీడియోలో చూపించింది అనంతపురం కొండల మీది మరలను, ఆ గాలి వేరు, ఆ ఎత్తు వేరు. మన ఊళ్లో చుట్టూ డాబాలు, వేపచెట్లు. 300 అడుగుల లోపల ఉన్నదాని కన్నా 30 అడుగులైనా పైన ఉండాలంటారు, వాళ్లు ఇచ్చింది పదడుగుల పైపు.

ఇంకోటి, ఇది ప్రాణాల మీదికి వచ్చేది. కిట్‌లో వచ్చింది సోలార్ కంట్రోలర్, అంటే సోలార్ ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగ్ చూసుకునే డబ్బా. బ్యాటరీ నిండితే అది లైన్ కట్ చేస్తుంది, సోలార్ ప్యానెల్‌కు పర్లేదు, గాలిమరకు మాత్రం లోడ్ పోతే పట్టేవాడు ఉండడు, మిగిలిన కరెంట్‌ను మళ్లించడానికి డంప్ లోడ్, ఆపడానికి బ్రేక్ ఉండాలి. రెండూ లేవు. మేలో గాలిదుమారం వచ్చిన రాత్రి, ఇన్వర్టర్ బ్యాటరీ నిండే ఉంది, మర అరుస్తూ తిరిగి ఒక రెక్క విరిగి పక్కింటి డాబా మీద పడింది. వాళ్లు ఎండాకాలం అక్కడే పడుకుంటారు. చినుకులు మొదలయ్యాయని పది నిమిషాల ముందే పిల్లలను కిందికి దించారట. ఆ మాట విన్నాక నాకు కాళ్లు వణికాయి.

పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇప్పిస్తామని కూడా చెప్పారు. ఆ పథకం ఇంటిమీది సోలార్‌కే, గాలిమరకు రాదు.

డబ్బులు అడిగితే నెంబర్ బ్లాక్ చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం, ఇక్కడి వినియోగదారుల కమిషన్‌లోనూ వేస్తున్నాం, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఇదే కిట్ మీ ఇంట్లో ఉంటే ముందు మర దించేయండి. స్టిక్కర్ పీకేటప్పుడు మాత్రం వీడియో తీస్తూ పీకండి, నేను కోపంలో తీయలేదు, ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు.